ఎక్స్‌రేకి అందని నొప్పి: అనంతపురం దళిత కూలి స్త్రీలు, ఫైబ్రోమయాల్జియా

అనంతపురం పల్లెల్లో నొప్పికి చాలా మాటలున్నాయి. కాళ్ళు పీకుతాండాయి, నరాలు గుంజుతాండాయి, నడుం కోసుకపోతాంది, వొళ్ళు పచ్చిపుండైంది, ఎముకల్లో సలుపు. కలుపు తీసే స్త్రీలు వీటిని ఒకదానికి బదులు ఒకటి వాడరు. పీకడం వేరు, గుంజడం వేరు, సలుపు వేరు. అదే స్త్రీ ఆసుపత్రికి పోయేసరికి ఈ మాటలన్నీ కలిసి చీటీ మీద 'వొళ్ళు నొప్పులు' అనే ఒక్క మాటగా మారిపోతాయి. ఎక్స్‌రేలో ఏమీ లేదు, రక్తంలో ఏమీ లేదు, కాబట్టి నొప్పి కూడా లేదనేది మొదటి తీర్పు. కష్టం చేసేవాళ్ళకి నొప్పులు మామూలే కదా అనేది రెండో తీర్పు.

ఈ రెండు తీర్పులూ తప్పే. ఎక్స్‌రేలోనూ మామూలు రక్త పరీక్షల్లోనూ కనపడకుండా, నెలలూ సంవత్సరాల తరబడి శరీరమంతా బాధపెట్టే జబ్బు ఒకటి వుంది. వైద్యులు దాన్ని ఫైబ్రోమయాల్జియా అంటారు. జనాభాలో నూటికి ఇద్దరికి అటూయిటుగా వుంటుందనీ, స్త్రీలలో ఎక్కువనీ అంచనా. ఈ జబ్బుకీ రోజువారీ శారీరక శ్రమకీ వున్న సంబంధం మీద గత ముప్పై యేళ్ళలో చాలా పరిశోధన జరిగింది. ఆ పరిశోధన ఏం చెప్తోంది, అది మన కూలి స్త్రీల జీవితానికి ఏ మేరకు సరిపోతుంది అని చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ జబ్బుని గుర్తుపట్టాలంటే రోగిని తాకి చూడాలి, రోగి చెప్పేది వినాలి. ఇది తగ్గుముఖం పట్టాలంటే తన శరీరం ఎంత వేగంతో పని చెయ్యాలో రోగి తానే నిర్ణయించుకోగలగాలి. తాకడం, వినడం, తన వేగం తన చేతిలో వుండటం - ఈ మూడూ కులవ్యవస్థ దళిత స్త్రీకి దక్కనివ్వనివే. అందుకే ఇది వైద్యులకి వొదిలేసి వూరుకునే విషయం కాదు.

జబ్బు కథ

1904లో విలియం గోవర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు ఈ రకం నొప్పులకి 'ఫైబ్రోసైటిస్' అని పేరు పెట్టాడు. కండరాల పీచులో వాపు వుంటుందని ఆయన అనుకున్నాడు. తర్వాత ఎంత వెతికినా ఆ వాపు దొరకలేదు. 1976లో ఫైబ్రోమయాల్జియా అనే పేరు వచ్చింది. పీచుల్లో, కండరాల్లో నొప్పి అని మాత్రమే దాని అర్థం.

1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఈ జబ్బుని గుర్తించడానికి కొలతలు పెట్టింది. నొప్పి మూడు నెలలకి పైబడి, శరీరానికి కుడివైపూ ఎడమవైపూ, నడుముకి పైనా కిందా వుండాలి. వైద్యుడు శరీరం మీద 18 చోట్ల బొటనవేలితో సుమారు నాలుగు కిలోల వొత్తిడి పెట్టి నొక్కితే కనీసం 11 చోట్ల నొప్పి పుట్టాలి. 2010లో ఈ నొక్కి చూసే లెక్కని పక్కనబెట్టారు. శరీరంలో 19 భాగాల్లో గత వారంలో ఎక్కడెక్కడ నొప్పి వుంది, నిద్ర లేచాక అలసట తీరుతోందా, పగలంతా నీరసమేనా, మతిమరుపు వుందా, ధ్యాస నిలుస్తోందా అని అడిగి మార్కులు వేసే పద్ధతి వచ్చింది. 2016లో దాన్ని ఇంకొంచెం సవరించారు. ఈ జబ్బుని చూపించే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ ఈ పద్ధతుల్లో దేంట్లోనూ లేదు.

మరి వాపు లేకుండా, విరగకుండా నొప్పి ఎక్కడినుంచి వస్తుంది? వూళ్ళో మైకు సెట్టుని తలుచుకోండి. పాడేవాళ్ళ గొంతు పెద్దది కాకపోయినా, పెట్టెలో శబ్దం పెంచే మీట చివరికంటా తిప్పి వుంటే గుసగుస కూడా గోలగానే వినపడుతుంది. ఈ జబ్బులో వెన్నుపాము, మెదడు నొప్పి సంకేతాలని అట్లా పెంచి వినిపిస్తాయి. మామూలుగా నొప్పిని అణచివుంచే శరీరంలోని ఏర్పాటు బలహీనపడుతుంది. 2002లో అమెరికాలో గ్రేస్లీ అనే శాస్త్రవేత్త బృందం రోగుల బొటనవేలి మీదా ఆరోగ్యవంతుల బొటనవేలి మీదా వొత్తిడి పెడుతూ మెదడుని స్కాన్ చేసింది. ఆరోగ్యవంతులకి ఎక్కువ వొత్తిడి పెడితేగానీ కదలని మెదడు భాగాలు, రోగులకి దానికంటే చాలా తక్కువ వొత్తిడికే కదిలాయి. అంటే రోగి నటించడం లేదు, ఆమె మెదడు నిజంగానే అంత నొప్పిని అనుభవిస్తోంది. 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ఇట్లాంటి నొప్పికి 'నొసిప్లాస్టిక్' అని వేరే వర్గమే ఏర్పాటు చేసింది.

నిద్ర సంగతి కూడా ఇందులో ముఖ్యం. 1975లో టొరంటోలో మోల్డాఫ్‌స్కీ, ఆయన సహచరులు ఆరోగ్యంగా వున్నవాళ్ళని గాఢనిద్రలోంచి పదేపదే కదిలించి చూశారు. కొన్ని రాత్రులకే వాళ్ళకి వొళ్ళు నొప్పులు మొదలయ్యాయి, కండరాలు నొక్కితే బాధ పుట్టింది. నొప్పి నిద్రని చెడగొడుతుంది, చెడిన నిద్ర నొప్పిని పెంచుతుంది.

కదిలితే మంచిదా, కదలకుంటే మంచిదా

అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రిగాబాలిన్ లాంటి మందులు కొందరికి కొంత మేలు చేస్తాయి. జబ్బుని పూర్తిగా మాన్పే మందు లేదు. యూరప్ రుమటాలజీ సంఘం 2016లో తన సూచనలని సవరించినప్పుడు, గట్టిగా సిఫారసు చేసిన చికిత్స ఒక్కటే - వ్యాయామం. మందులన్నిటికీ బలహీనమైన సిఫారసే దక్కింది.

వ్యాయామం అంటే మైదానంలో పరుగులే కానక్కర్లేదు. 2010లో అమెరికాలో ఫాంటేన్ బృందం 84 మంది రోగులని తీసుకుంది. వాళ్ళంతా రోజంతా పెద్దగా కదలని మనుషులు. సగం మందిని 12 వారాల పాటు తమ రోజువారీ జీవితంలోనే కదలిక పెంచుకోమన్నారు - మెట్లెక్కడం, నడవడం, తోటపని, ఇంటిపని. వాళ్ళ అడుగుల సంఖ్య సగానికి పైగా పెరిగింది, నొప్పి చెప్పుకోదగినంత తగ్గింది. ఏడాది తర్వాత చూస్తే ఆ తేడా నిలవలేదు. దక్షిణ స్పెయిన్‌లో 'అల్ అందలూస్' అనే ప్రాజెక్టులో నాలుగొందల మందికి పైగా స్త్రీలకి నడుముకి కదలికలు కొలిచే పరికరం కట్టి చూశారు. తేలికపాటి కదలిక ఎక్కువ వున్నవాళ్ళలో నొప్పి, అలసట తక్కువగానూ, ఎక్కువసేపు కూర్చునేవాళ్ళలో ఎక్కువగానూ కనిపించాయి. నొప్పి వుందని కదలడం మానేస్తే కండరాలు బలం తగ్గి, నిద్ర చెడి, నొప్పి ఇంకా పెరుగుతుందనేది దీని వెనక వివరణ.

ఇక్కడొక ప్రశ్న వేసుకోవాలి. ఈ పరిశోధనలు చూసింది ఎక్కువగా కుర్చీలో కూర్చునే జీవితాలని. వాళ్ళకి 'ఇంకొంచెం కదులు' అనేది మంచి సలహా. తెల్లారుజాము నాలుగింటికి లేచి రాత్రి పదింటిదాకా నడుం వాల్చని స్త్రీకి అదే సలహా ఇస్తే అది ఎగతాళి అవుతుంది.

శ్రమంతా ఒకటి కాదని పరిశోధనలే చెప్తున్నాయి. 2018లో యూరప్ పరిశోధకులు అనేక అధ్యయనాలని కలిపి లెక్కచూస్తే, ఉద్యోగంలో బరువైన శారీరక శ్రమ చేసే పురుషులు తక్కువ శ్రమ చేసేవాళ్ళకంటే ముందుగా చనిపోయే ప్రమాదం 18 శాతం ఎక్కువని తేలింది. తీరిక వేళ చేసే వ్యాయామం ఆయుష్షు పెంచుతుంటే, కూలికి చేసే కష్టం దాన్ని తగ్గిస్తోంది. దీన్ని వాళ్ళు శారీరక శ్రమలోని వైరుధ్యం అంటారు. కారణాలు ఆలోచిస్తే కష్టమేమీ కాదు. కూలిపని గంటల తరబడి సాగుతుంది. ఒకే భంగిమలో వుండాల్సొస్తుంది. మధ్యలో కోలుకునే టైము వుండదు. ఎప్పుడు ఆగాలో చేసేవాళ్ళ చేతిలో వుండదు.

ఫైబ్రోమయాల్జియా వున్నవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. వాళ్ళు ఒకరోజు శక్తికి మించి పనిచేస్తే తర్వాత రెండుమూడు రోజులు నొప్పి విరుచుకుపడుతుంది. నొప్పి తగ్గగానే మిగిలిపోయిన పనంతా ఒకేసారి చేస్తారు, మళ్ళీ పడతారు. ఈ చక్రాన్ని ఆపడమే చికిత్సలో పెద్ద భాగం. కొద్దిగా పని, కొద్దిగా విరామం, మళ్ళీ కొద్దిగా పని. నొప్పి వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగడం.

అనంతపురంలో కదలిక ఎవరి చేతిలో వుంది

ఇక్కడ అనంతపురం అంటే పాత వుమ్మడి జిల్లా. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది గానీ కరువు రెండింటికీ వుమ్మడి ఆస్తే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో రాజస్థాన్ జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లాగా దీనికి పేరు. దశాబ్దాల పాటు ఈ నేలని చెనిక్కాయ ఏలింది.

ఆ పంటలో స్త్రీల పని ఎట్లా వుంటుందో చూడండి. విత్తనానికి ముందు కాయలు వొలవాలి. గంటల తరబడి కూర్చుని బొటనవేలితో చూపుడువేలితో పగలగొడతారు, కొలత లెక్కన కూలి. జూన్, జూలైల్లో వాన పడితే విత్తుతారు. తర్వాత కలుపు. తొలిక పట్టుకుని గొంతుకూర్చుని గానీ వొంగి గానీ సాలు వెంబడి జరుగుతూ పోవాలి. పంటకాలంలో చెట్టు పీకాలి. చివర్లో వాన లేక నేల గట్టిపడితే చెట్టు వస్తుంది గానీ కాయ మట్టిలోనే తెగిపోతుంది. దాన్ని వేళ్ళతో తవ్వి ఏరాలి. తర్వాత చెట్టునుంచి కాయ వొలవాలి. దున్నడానికి ట్రాక్టరొచ్చింది, విత్తడానికి యంత్రమొచ్చింది. వొంగి చేసే పనుల్లో ఎక్కువ భాగం మాత్రం ఆడవాళ్ళ నడుముల మీదే మిగిలింది. ఆ నడుముల్లో భూమి లేని మాల, మాదిగ స్త్రీలవి ఎక్కువ. చెనిక్కాయ తగ్గి చీనీ, టమోటా వచ్చినచోట కూడా వొంగడం తగ్గలేదు.

దీనికి తోడు గుత్త. ఇన్ని ఎకరాల కలుపుకి ఇంత అని మాట్లాడుకుని పదిమంది గుంపుగా చేస్తే రోజు కూలికన్నా నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. కానీ గుంపులో ఒకరు నెమ్మదిస్తే అందరి కూలీ పడుతుంది. రెండుసార్లు వెనకబడిన మనిషిని మూడోసారి పిలవరు. అందుకని నొప్పి వున్న స్త్రీ దాన్ని దాచుకుని మిగతావాళ్ళతో సమంగా సాలు పట్టడానికి చూస్తుంది. వైద్యుడు ఏది చెయ్యొద్దంటాడో సరిగ్గా అదే చెయ్యడం ఆమెకి బతుకు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది కూడా ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. రైతు ఇంటి ముందు నిలబడే అవసరాన్ని అది తగ్గించింది. అది చిన్న విషయం కాదు. అయితే అక్కడా తవ్విన మట్టి కొలతే కూలి. గట్టినేల తవ్వి, గంపలకెత్తి, మోసి పొయ్యాలి. పనిచోట నీడ, తాగునీళ్ళు, పసిపిల్లలని చూసుకునే మనిషి వుండాలని 2005 చట్టంలో రాశారు. నీడ అంటే విరామం అని చదువుకోవాలి. నీడ లేనిచోట విరామం మాట కాగితం మీదే వుంటుంది.

అసలు విషయం ఇది. పైన చెప్పిన విరుచుకుపడే చక్రం స్పెయిన్‌లోనో అమెరికాలోనో రోగి అలవాటుగా కనిపించొచ్చు. అనంతపురంలో దాన్ని వానా, భూస్వామ్యమూ కలిసి నడుపుతాయి. వాన పడిన పదిరోజులకి కలుపంతా ఒకేసారి. కోతలు ఒకేసారి. వాన లేకపోతే నెలల తరబడి పనే లేదు, లేకుంటే బెంగుళూరు కట్టుబడి పనుల్లో ఇటుకలు, ఇసుక. వొంట్లో శక్తి వున్నరోజు పని వుండదు, పని వున్నరోజు శక్తి వుందా అని అడిగేవాళ్ళుండరు. దీన్ని ఒక స్త్రీ మనస్తత్వంగా చూసి 'నీ వేగం నువ్వు సర్దుకో' అని చెప్తే సమస్య అర్థం కానట్టే. కూలిపని ముగిశాక నీళ్ళు, కట్టెలు, వంట, పిల్లలు. అది కూడా కదలికే. అది ఏ లెక్కలోకీ రాదు. ఇంట్లో మగవాడి ముందు దళిత స్త్రీ నొప్పి ఎంతవరకు మాట్లాడగలుగుతుందో కూడా మనం దాచుకోకుండా చర్చించాలి.

తాకడం, వినడం

యంత్రం చెప్పలేని జబ్బుని మనిషి చెప్పాలి, ఇంకో మనిషి నమ్మాలి. అంటరానితనం పాటించిన సమాజంలో ఈ రెండో భాగమే కష్టం. చెయ్యి వెయ్యకుండా, తలెత్తకుండా చీటీ రాసే పద్ధతి మనవాళ్ళకి కొత్తది కాదు. అది కులం వల్లనా, జనం ఎక్కువై టైము లేకనా అని వాదించొచ్చు. ఫలితం మాత్రం ఒకటే. పద్దెనిమిది చోట్ల నొక్కి చూడాల్సిన, పందొమ్మిది భాగాల గురించి అడగాల్సిన జబ్బు రెండు నిమిషాల్లో దొరకదు. పైగా పైన చెప్పిన పీకడం, గుంజడం, సలుపు అనే తేడాలు వైద్యవిద్యలో లేవు. రోగి భాష వైద్యుడికి రాదు, తప్పు మాత్రం సరిగా చెప్పలేదని రోగి మీద పడుతుంది.

పెద్దాసుపత్రిలో వినకపోతే వూళ్ళో ఆర్ఎంపీ వింటాడు. ఆయన ఇచ్చేది సూది. నొప్పి మందో, స్టెరాయిడో. రెండురోజులు హాయిగా వుంటుంది, మూడోరోజు మళ్ళీ మొదలు. ఈ జబ్బులో స్టెరాయిడ్లు పనిచెయ్యవు, వాడొద్దని యూరప్ సూచనలు గట్టిగా చెప్పాయి. పదేపదే తీసుకుంటే ఎముకలు గుల్లబారతాయి. నొప్పి మాత్రలు కూడా ఈ జబ్బుకి పెద్దగా పనిచెయ్యవు. ఎండలో నీళ్ళు చాలక పనిచేసే శరీరంలో అవి మూత్రపిండాలకి చేటు.

ఇంకో దారి గర్భసంచి. నడుం నొప్పి, తెల్లబట్ట అని పోయిన స్త్రీకి గర్భసంచి తీసేస్తే అన్నీ పోతాయని చెప్పడం మన రాష్ట్రంలో మామూలైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 యేళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద అది నూటికి 3. ఆ నొప్పి గర్భసంచిది కాకపోతే ఆపరేషన్ తర్వాతా అది అట్లాగే వుంటుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకల బలం ముందే పోతుంది.

ప్రతి నొప్పీ ఇదే కాదు

ఒక కొత్త పేరు దొరికిందని అన్నిటికీ అదే పెట్టడం కూడా ప్రమాదమే. ఈ పేరు పెట్టేముందు చూడాల్సినవి ఇక్కడ చాలా వున్నాయి.

మొదటిది రక్తహీనత. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 59 మంది దాకా రక్తం తక్కువున్నవాళ్ళే. నీరసం, ఆయాసం, కాళ్ళు పీకడం దానివల్లా వస్తాయి. రెండోది విటమిన్ డి, కాల్షియం లోటు. ఎండలో పనిచేసేవాళ్ళకి ఈ లోటు రాదనుకుంటాం. తిరుపతి శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో అచ్చువేసిన అధ్యయనంలో, చిత్తూరు జిల్లా పల్లెల స్త్రీలలో సగానికి మించి ఈ లోటు కనిపించింది. తిండిలో కాల్షియం మరీ తక్కువ కావడం ఒక కారణమని వాళ్ళు చెప్పారు. పాలు అమ్ముకునే వూళ్ళో పాలు తాగలేనివాళ్ళ ఎముకల సంగతి ఇది. మూడోది ఫ్లోరైడ్. మనుషుల ఎముకలకి ఫ్లోరైడ్ చేసే హాని మన దేశంలో మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. అనంతపురం బోరునీళ్ళలోనూ అది వుంది. 1995-96లో సత్యసాయి మంచినీటి పథకం వందల పల్లెలకి నీళ్ళిచ్చింది గానీ, అంతకుముందు తాగిన నీళ్ళు ఎముకల్లోనే వున్నాయి. వీటితో పాటు థైరాయిడ్, కీళ్ళవాతం చూడాలి. 2006లో రాయలసీమని వూపేసిన చికున్‌గున్యా లాంటి జ్వరాల తర్వాత మిగిలే కీళ్ళనొప్పులనీ మరిచిపోవద్దు. ఇవి వున్న మనిషికి ఫైబ్రోమయాల్జియా కూడా వుండొచ్చు. ఒకటి దొరికిందని రెండోది లేదనుకోకూడదు.

ఏం చెయ్యొచ్చు

సంఘాల్లో పనిచేసేవాళ్ళు, టీచర్లు, విద్యార్థులు రేపటినుంచే చెయ్యగలిగినవి కొన్ని వున్నాయి.

మూడు నెలలకి మించి వొళ్ళంతా నొప్పి, నిద్ర లేచినా తీరని అలసట వున్న స్త్రీలని ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ద్వారా ఆసుపత్రికి పంపాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, వీలైనచోట విటమిన్ డి పరీక్షలు అడగాలి. పక్కన చదువుకున్న మనిషి ఒకరు వుంటే వైద్యుడు ఇంకో నిమిషం వింటాడు. అది వుండాల్సిన పద్ధతి కాదు, అయినా ప్రస్తుతానికి వాడుకోవాలి. స్టెరాయిడ్ సూదుల సంగతి ప్రతి మహిళా సంఘం సమావేశంలోనూ చెప్పాలి.

గుత్త గుంపుల్లో పనిని మార్చుకోవచ్చు. ఒక సాలు కలుపు తీసినవాళ్ళు తర్వాత సాలుకి నీళ్ళు అందించడం, గడ్డి మొయ్యడం చేస్తే ఒకే భంగిమలో గంటలు గడపాల్సిన అవసరం తగ్గుతుంది. నిలబడి కలుపు తీసే పొడుగు కర్ర పనిముట్లు వున్నాయి. వాటిని ప్రభుత్వ రాయితీ జాబితాల్లో మగ రైతు పేరు మీద కాకుండా కూలి స్త్రీల గుంపు పేరు మీద ఇవ్వమని అడగాలి.

కదలిక ఆమెది కావాలి. 2018లో అమెరికాలో 226 మంది రోగుల మీద జరిగిన పరిశోధనలో, చైనా వాళ్ళ తాయ్ చీ అనే నెమ్మది కదలికల సాధన మామూలు వ్యాయామానికి సమానంగానో, అంతకంటే మెరుగ్గానో పనిచేసింది. ముఖ్యం అక్కడి పేరు కాదు. నెమ్మదిగా, గుంపుగా, ఎవరూ తరమకుండా కదలడం. మన పల్లెల్లో కోలాటం వుంది, సాయంత్రం కలిసి నడిచే అలవాటు పెట్టుకోవచ్చు. కానీ దానికి ఆ సాయంత్రం ఖాళీగా వుండాలి. ఇంటి ముందు కుళాయి, గ్యాసు, మగవాళ్ళు పంచుకునే ఇంటిపని - ఇవి కూడా ఈ జబ్బుకి చికిత్సే.

చట్టం వైపు కూడా చూడాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలని గుర్తించింది. ఫైబ్రోమయాల్జియా అందులో లేదు. ఈ జబ్బు పేరు మీద ఈ చట్టం కింద సర్టిఫికెట్ లేదు.

అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో కులాన్ని శ్రమ విభజన అని సమర్థించేవాళ్ళకి జవాబిస్తూ, అది శ్రమించే మనుషులనే విడదీసిందని వాదించాడు. ఆ విభజన నొప్పి దాకా వచ్చింది. ఒకరి నొప్పి జబ్బు అవుతుంది, ఇంకొకరి నొప్పి అలవాటు అవుతుంది. మన వుద్యమం భూమినీ, కూలినీ, గౌరవాన్నీ అడిగింది. పనిలో మధ్యలో ఆగి నడుం చాచుకునే హక్కు ఈ మూడింటిలోనూ వుంది. దాన్ని విడిగా పేరుపెట్టి అడగాల్సిన టైము వచ్చింది.